గోల్ఫ్ క్లబ్ పట్టు: ముందు ఫేస్, తర్వాత చెయ్యి

క్లబ్ ఫేస్, అంటే బంతిని కొట్టే ముఖం, బంతిని తాకి ఉండేది సెకనులో దాదాపు రెండు వేలవ వంతు. ఆ కాస్తలో ఫేస్ ఎటు తిరిగి ఉందో గమనించి సరిచేయడం ఎవరి తరమూ కాదు. బంతి దగ్గర నిలబడి చేతులు పెట్టినప్పుడే అది చాలావరకు తేలిపోతుంది. స్లైస్ (బంతి కుడికి వంగిపోవడం) పోవడం లేదని నెలల తరబడి స్వింగ్ మార్చుకుంటూ పోయేవాళ్లు ముందు చూసుకోవలసింది ఎడమచేతి పట్టు. (ఇక్కడ చెప్పేదంతా కుడిచేతి వాటం వాళ్లకు. ఎడమచేతి వాటమైతే తిరగేసుకోండి.)

మన దగ్గర గోల్ఫ్‌కు వచ్చేవాళ్లలో చాలామంది క్రికెట్ బ్యాటు పట్టినవాళ్లే. రెండింటిలోనూ ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద ఉంటుంది కాబట్టి పట్టు తెలిసిందేలే అనిపిస్తుంది. తేడా పిడిలో ఉంది. చాలా బ్యాట్ల పిడి కోలగా ఉంటుంది. కళ్లు మూసుకుని పట్టుకున్నా బ్యాటు ముఖం ఎటుందో వేళ్లకు తెలిసిపోతుంది. గోల్ఫ్ క్లబ్ పిడి, అంటే గ్రిప్, గుండ్రం. పుట్టర్ (బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్) మినహా మిగతా క్లబ్బుల గ్రిప్ గుండ్రంగానే ఉండాలని ఆట నిబంధన. పొడవునా నిటారుగా ఒక సన్నని గట్టు ఉండొచ్చు, అంతే. వేళ్లకు అచ్చులు పోసిన ట్రైనింగ్ గ్రిప్పులు ఇంట్లో సాధనకు బాగుంటాయి, పోటీలో మాత్రం చెల్లవు. కాబట్టి ఫేస్ ఎటుందో కంటితో చూసుకోవాల్సిందే, అదీ చెయ్యి వేయకముందే. క్లబ్‌ను నేలమీద ఆనించి, ఫేస్ కింది అంచు గురికి సరిగ్గా అడ్డంగా ఉండేలా కుడిచేతి రెండు వేళ్లతో పట్టుకోండి. పట్టంతా కుదిరాక ఫేస్ తేడాగా కనిపిస్తే, చేతుల్లో క్లబ్‌ను తిప్పకండి. వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. చాలామంది పట్టు చెడేది ఇక్కడే.

ఎడమచెయ్యి ఎంత తిప్పి పెట్టాలన్నది మీ ఒంటిని బట్టి ఉంటుంది. బంతి ముందు నిలబడినట్టు కొద్దిగా వంగి, ఎడమచేతిని భుజం నుంచి వదులుగా వేలాడనివ్వండి. కిందికి చూస్తే పిడికిలి మెటికలు ఎన్ని కనబడుతున్నాయి? ఎక్కువమందికి రెండు, కొందరికి మూడు. స్వింగ్ వేగంలో చెయ్యి ఈ సహజమైన తీరుకే తిరిగి వస్తుంది. చెయ్యి అలా వేలాడుతున్నప్పుడు మీకు రెండు మెటికలు కనబడుతూ, పట్టులో మాత్రం ఒక్కటే కనబడిందనుకోండి. తాకే వేళకు చెయ్యి తన చోటికి తిరుగుతూ ఫేస్‌ను కుడికి తెరిచేస్తుంది. స్లైస్‌కు ఇదొక పెద్ద కారణం. నాలుగు మెటికలూ కనబడేలా పట్టుకుంటే దీనికి తిరగబడి, ఫేస్ మూసుకుని బంతి ఎడమకు వంగిపోతుంది, అదే హుక్. 1940ల్లో అమెరికన్ గోల్ఫర్ బెన్ హోగన్ తన హుక్‌ను అదుపు చేసుకోవడానికి చేసిన మార్పుల్లో ఎడమచేతిని ఎడమవైపుకు తిప్పడం ఒకటి. హుక్ పోయే దిగ్గజానికి పనికొచ్చిన ఆ పట్టును చూసి, స్లైస్ కొట్టే మామూలు ఆటగాడు అనుకరిస్తే స్లైస్ ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు గ్రిప్ అరచేతిలో ఎక్కడ ఆనాలన్నది చూద్దాం. పాత గ్లవ్ ఒకటి తీసుకుని బాల్‌పెన్‌తో గీత గీయండి. చిటికెన వేలి మొదలుకు కాస్త పైన, అంటే వేలు వైపు, మొదలుపెట్టి చూపుడు వేలి నడిమి కణుపు దాకా ఏటవాలుగా గీయాలి. గ్రిప్ ఆ గీతమీద ఆనాలి. చివర ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల రబ్బరు చేతికి పైన మిగలాలి. ఇప్పుడు వేళ్లు మూసి, అరచేతిలో చిటికెన వేలి వైపు, మణికట్టును ఆనుకుని ఉండే మెత్తటి కండను గ్రిప్‌పైన వేయండి. కండ గ్రిప్ పక్కన కాదు, మీద ఉండాలి. కుదిరిందో లేదో ఇలా తెలుస్తుంది: మిగతా వేళ్లన్నీ తెరిచి, చూపుడు వేలి కొక్కేనికీ ఆ కండకూ మధ్యే క్లబ్‌ను పైకెత్తండి. నిలిచిందంటే పట్టు వేళ్లలో ఉంది. జారిపోయిందంటే అరచేతిలోకి వెళ్లిపోయింది. అరచేతిలో పట్టుకుంటే బలంగా ఉన్నట్టు అనిపిస్తుంది కానీ, మణికట్టు పైకి వంగదు. వంగకపోతే క్లబ్ వేగం తగ్గుతుంది, బంతి దూరం పోదు.

బొటనవేలిని గ్రిప్ నడిమి గీతకు రవ్వంత కుడిగా, గడియారంలో ఒంటిగంట దగ్గర పెట్టండి. దాన్ని కిందికి సాగదీయొద్దు. సాగదీస్తే గ్రిప్ మళ్లీ అరచేతిలోకి జారుతుంది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఏర్పడే ‘వీ’ ఆకారం కుడిచెవికీ కుడిభుజానికీ మధ్యకు చూడాలి.

కుడిచెయ్యి పని తక్కువగానే కనిపిస్తుంది, చెడగొట్టేది మాత్రం ఎక్కువ. మధ్యవేలు, ఉంగరం వేలు రెంటి మొదళ్లతో గ్రిప్‌ను పక్కనుంచి అందుకోవాలి. అరచెయ్యి గురివైపు చూడాలి, ఆకాశం వైపు కాదు. కింద నుంచి దోసిలి పట్టినట్టు పట్టుకుంటే హుక్ ఖాయం. చెయ్యి మూసినప్పుడు కుడి అరచేతిలో బొటనవేలి చుట్టూ తిరిగే గీత, సాముద్రికంలో జీవితరేఖ అంటారే అది, ఎడమ బొటనవేలిని నిలువునా కప్పాలి. ఎడమ బొటనవేలు ఇంకా బయటికి కనబడుతోందంటే చేతులు విడివిడిగా ఉన్నట్టే. కుడి బొటనవేలు గ్రిప్ నడిమి గీతకు రవ్వంత ఎడమగా ఉండాలి. చూపుడు వేలు మధ్యవేలికి కొంచెం దూరంగా, ట్రిగ్గర్ మీద ఆనినట్టు ఉండాలి. కుడిచేతి ‘వీ’ కూడా ఎడమచేతి ‘వీ’ చూసే వైపే చూడాలి. ఒకటి గడ్డానికి, ఇంకొకటి భుజానికి చూస్తుంటే స్వింగ్‌లో చేతులు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి.

రెండు చేతులనూ కలపడానికి మూడు పద్ధతులున్నాయి. కుడి చిటికెన వేలు ఎడమ చూపుడు, మధ్య వేళ్ల సందుమీద కూర్చుంటే అది ఓవర్‌ల్యాప్. బ్రిటిష్ ఓపెన్ టోర్నీని 6 సార్లు గెలిచిన హ్యారీ వార్డన్ పేరుమీద దీన్నే వార్డన్ పట్టు అంటారు. కనిపెట్టింది ఆయన కాదు, ప్రచారంలోకి తెచ్చింది ఆయన. ఆ చిటికెన వేలు ఎడమ చూపుడు వేలితో పెనవేసుకుంటే ఇంటర్‌లాక్. గోల్ఫ్ దిగ్గజాలు జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్ పట్టు ఇదే. చేతులు చిన్నవైనా, వేళ్లు పొట్టివైనా ఇది నప్పుతుంది. కానీ వేళ్లను మొదలంటా దూర్చేయకండి. అలా చేస్తే కుడిచేతి పట్టు అరచేతిలోకి పోతుంది. మొదటి కణుపు దాటితే చాలు. పదివేళ్లూ గ్రిప్‌మీదే ఉండే పట్టు పిల్లలకూ, వేళ్ల కీళ్లనొప్పులున్నవాళ్లకూ మంచిది. ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా పెద్ద తేడా రాదు. చేతులు ఎంత తిరిగి ఉన్నాయన్నదే అసలు సంగతి.

ఎంత గట్టిగా పట్టుకోవాలి? శక్తికొద్దీ నొక్కడం 10 అనుకుంటే 4 చాలు. ఆ బిగువు కూడా ఎడమచేతి చివరి మూడు వేళ్లలో, కుడిచేతి నడిమి రెండు వేళ్లలో ఉండాలి. బొటనవేళ్లు ఊరికే ఆని ఉంటాయి. మోచేతి కింది నరాలు తేలి కనబడుతున్నాయంటే బిగువు ఎక్కువైనట్టే. విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో చెమటకు క్లబ్ జారుతుందని తెలియకుండానే గట్టిగా నొక్కేస్తారు. దానికి మందు నొక్కడం కాదు. రెండు గ్లవ్‌లు వెంట తెచ్చుకుని తొమ్మిదో హోల్ దగ్గర మార్చండి, బ్యాగుకు తువ్వాలు కట్టుకోండి, రబ్బరు జిడ్డెక్కితే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. గ్రిప్ లావు కూడా చూసుకోవాలి. ఎడమచెయ్యి మూసినప్పుడు మధ్య, ఉంగరం వేళ్ల కొసలు అరచేతిని సుతారంగా తాకాలి. గుచ్చుకుంటే గ్రిప్ సన్నం, అసలు తాకకపోతే లావు.

పట్టు మార్చినప్పుడు మొదట ఏదో పరాయి క్లబ్ పట్టుకున్నట్టు ఉంటుంది. ఇంట్లో రోజూ ఒక 20 సార్లు పట్టు పెట్టి, వదిలి, మళ్లీ పెట్టండి. బంతి అక్కర్లేదు. రేంజ్‌లో (సాధన మైదానంలో) 9 ఐరన్ అనే పొట్టి క్లబ్‌తో నడుం ఎత్తు స్వింగ్‌లతో మొదలుపెట్టండి. స్లైస్ అలవాటున్నవాళ్లు ఏళ్లుగా ఎడమకు గురి పెట్టి ఉంటారు. పట్టు కుదిరేసరికి బంతి నేరుగా ఆ ఎడమకే పోతుంది. అది చూసి పట్టు తప్పనుకుని పాతదానికి వెళ్లిపోకండి, గురి సరిచేసుకోండి. ఇంకా కుడికే వంగుతుంటే రెండు చేతులనూ కలిపి అర మెటిక మేర కుడికి తిప్పి చూడండి, ఒకేసారి అంతకుమించి వద్దు.

నాలుగైదు ఆటల తర్వాత గ్లవ్ విప్పి అరచేతి వైపు చూడండి. మణికట్టు దగ్గరి మెత్తమీద తోలు అరిగి చిల్లు పడుతోందంటే, గ్రిప్ అరచేతిలోకి దిగి స్వింగ్ పైకి చేరినప్పుడు కదులుతోందన్నమాట. కొత్త గ్లవ్ మీద ఆ పెన్ను గీత మళ్లీ గీసుకోండి.