పైన కామా

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మంలో చీటీ పడి ఉంది. మా పార్సిలు పక్కింటావిడ తీసుకుని దాచిందట. నాలుగు లైన్లలో మూడు తప్పులు: 'షుడ్ హ్యావ్' అని ఉండాల్సిన చోట 'షుడ్ ఆఫ్', 'యు ఆర్' బదులు 'యువర్', 'ఇట్స్'లో పైన కామా మాయం. ఆవిడ పుట్టి పెరిగింది ఇంగ్లండులోని ఈ బర్మింగ్‌హామ్‌లోనే. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నేను ఆ చీటీ చూసి లోలోపల కాస్త మురిశాను. డైరీయే కదా, ఒప్పుకుంటే తప్పేముంది.

మా బళ్ళో అపాస్ట్రఫీ అనడానికి ఎవరికీ నోరు తిరిగేది కాదు. 'పైన కామా' అనేవాళ్ళం. అది మర్చిపోతే వేళ్ళ మీద స్కేలు దెబ్బ.

కానీ పొద్దున ఆఫీసు కాల్ గుర్తొచ్చి మురిపెం దిగిపోయింది. అమెరికా వాళ్ళు 'దీన్ని టేబుల్ చేద్దాం' అన్నారు. వాళ్ళ భాషలో అంటే పక్కన పెట్టేద్దామని. ఇక్కడివాళ్ళకేమో చర్చకు తెద్దామని. మా మేనేజరు హుషారుగా స్లైడ్లు తీశాడు. అవతల నిశ్శబ్దం. నేనూ 'ఇప్పుడే చర్చ' అని నోట్సులో రాసుకుని బుద్ధిగా కూర్చున్నా. ఇక వచ్చిన కొత్తలో అయితే, కొట్లో బిల్లు వేసే అమ్మాయి 'ఆల్ రైట్?' అని ఉత్తినే పలకరిస్తే, ఒంట్లో ఎలా ఉందని అడుగుతోందనుకుని నా దగ్గు సంగతంతా చెప్పుకొచ్చాను. వెనక క్యూ పెరిగిపోయింది. 'హాఫ్ సిక్స్' ఒక్కటీ అచ్చం మన ఆరున్నరే కాబట్టి బతికిపోయా.

రాత్రి పాప హోంవర్కు కూడా ఇదే. ఒక అమ్మాయి చలికోట్లు, చాలామంది అమ్మాయిల చలికోట్లు: పైన కామా ఎక్కడ పడుతుంది? పైకి చదివి, "రెండూ ఒకేలా వినిపిస్తున్నాయిగా నాన్నా" అంది. నిజమే. తెలుగులో 'గర్ల్స్' అని రాసి చూపించాను. ఒక్కటే. ఈ కామా కంటికే గానీ చెవికి లేదు. నేను ఇంగ్లీషు కళ్ళతో నేర్చుకున్నాను, పక్కింటావిడ చెవులతో. చెవికి ఎలా వినబడితే అలా రాసింది, అంతే.

"మరి మన కింగ్స్ హీత్ బోర్డు మీద ఎందుకు లేదు?" అంది పాప. 2009లో ఈ ఊరి కౌన్సిల్ వీధి బోర్డుల మీద ఇక అది అక్కర్లేదని తేల్చేసింది. కింగ్స్ హీత్ అనే ఈ పేట పేరుకి 'రాజుగారి బీడు' అని అర్థం; ఆ నేల ఇప్పుడు రాజుగారిది కాదు కదా అన్న వాదన కూడా చేశారు. లింకన్‌షైర్‌లోని బోస్టన్‌లో జాన్ రిచర్డ్స్ అనే పెద్దాయన ఈ గుర్తును కాపాడాలని 2001లో ఏకంగా సంఘమే పెట్టాడు. 2019లో, 96 ఏళ్ళ వయసులో, అజ్ఞానమూ బద్ధకమూ గెలిచాయని మూసేశాడు. ఆయన మీద నాకు గౌరవమే. కానీ మా పక్కింటావిడది మాత్రం బద్ధకం కాదు. వానలో తడుస్తూ పార్సిలు లోపల పెట్టిన మనిషి.

పార్సిలు తెచ్చుకుందామని పాపతో వెళ్ళాను. ఆవిడ "ఆల్ రైట్?" అంది. "ఆల్ రైట్" అన్నాను. దగ్గు ఉంది, చెప్పలేదు. వచ్చేటప్పుడు "టరా అ బిట్" అంది. ఇక్కడివాళ్ళు వెళ్ళొస్తామనడానికి అనే మాట.

"అది ఎలా రాస్తారే?" అని మెట్ల మీద పాపని అడిగాను.

"రాయరు నాన్నా. అంటారు."