బత్తాయి తోటలో రెండు పెన్సిల్ బ్యాటరీలు: క్లాకు వేగం మీద నా మూడు నెలల పని

జనవరి ఆఖరి వారం

నిడమనూరు దగ్గర మా తోటలో, పూత కోసం బెట్టకు వదిలిన చెట్లకు మళ్లీ నీళ్లు పెట్టే రోజులివి. నాన్న గడ్డపారతో పాదులో జానెడు లోతు తవ్వి, మట్టిని గుప్పిట్లో నొక్కి చూస్తారు. ముద్ద కడితే ఒక రోజు ఆగుతారు, పొడిగా రాలిపోతే డ్రిప్పు వదులుతారు. ఆయన అంచనా తప్పడం నేను పెద్దగా చూడలేదు. కానీ నాలుగెకరాల్లో రోజూ ఎన్ని పాదులు తవ్వగలరు? అందుకే తడి కొలిచే చిన్న పెట్టెలు చేసి చెట్ల కింద పెట్టాలని మొదలుపెట్టాను.

మొదటిది ఆర్డ్వినో ఊనో అనే రెడీమేడ్ చిప్పు బోర్డుతోనే చేశాను. నాలుగు రీఛార్జి సెల్లులు రెండు రోజుల్లో ఖాళీ అయ్యాయి. చిప్పు నిద్రపోతున్నా బోర్డు మీద ఉన్న రెగ్యులేటరు (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం), యూఎస్‌బీ చిప్పు, లైటు నిద్రపోవు కదా. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి, ఊనోలో ఉండే ఏటీమెగా 328పీ చిప్పులనే విడిగా తెచ్చుకున్నాను. లక్ష్యం ఒక్కటే: రెండు పెన్సిల్ బ్యాటరీలు, మధ్యలో ఏ రెగ్యులేటరూ లేకుండా, వచ్చే వానాకాలం దాకా నడవాలి.

ఫిబ్రవరి రెండో వారం

క్లాకు, అంటే చిప్పు సెకనుకు వేసే టిక్కుల వేగం, తగ్గిస్తే కరెంటు తగ్గుతుందని అందరిలాగే నేనూ నమ్మాను. 5 వోల్టుల దగ్గర 16 మెగాహెర్ట్జ్‌లో మీటరు 9 మిల్లీయాంపులు దాటి చూపింది. క్లాకును భాగించే ప్రీస్కేలరుతో 1 మెగాహెర్ట్జ్‌కు దించగానే ఒకటిన్నరకు వచ్చింది. సంతోషించాను. ఆ రాత్రి లెక్క వేస్తే సంతోషం నిలవలేదు. కరెంటు ఆరో వంతుకు తగ్గింది, అదే పనికి పట్టే సమయం మాత్రం 16 రెట్లయింది. మొత్తం మీద బ్యాటరీ నుంచి ఎక్కువే లాగుతున్నాను!

ఎందుకో అర్థం చేసుకోవడానికి రెండు రోజులు పట్టింది. చిప్పులోని ప్రతి గేటూ (బుల్లి స్విచ్చుల జట్టు) ఛార్జిని నిల్వ చేసే ఒక బుల్లి కెపాసిటరును నింపుతూ, పారబోస్తూ ఉంటుంది. ఒక్కసారి నింపి పారబోయడానికి అయ్యే ఖర్చు ఆ కెపాసిటెన్సును (నిల్వ సామర్థ్యాన్ని) వోల్టేజీ వర్గంతో గుణించినంత. సెకనుకు ఎన్నిసార్లు నింపుతాం అనేదే ఫ్రీక్వెన్సీ. లక్ష కడవలు తోడాల్సిన పని ఉంటే, మెల్లగా తోడినా గబగబా తోడినా కడవలు లక్షే. ఖర్చు తగ్గాలంటే కడవ చిన్నది కావాలి. అంటే వోల్టేజీ తగ్గాలి.

చిప్పు తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీటులోని మూడు అంకెలను ఇలా చూసుకుంటే విషయం తేటపడింది. 5 వోల్టులు, 8 మెగాహెర్ట్జ్ దగ్గర 5.2 మిల్లీయాంపులు. 3 వోల్టులు, 4 మెగాహెర్ట్జ్ దగ్గర 1.7. 2 వోల్టులు, 1 మెగాహెర్ట్జ్ దగ్గర 0.3. వీటిని ఒక్కో క్లాకు టిక్కుకు అయ్యే శక్తిగా మార్చితే వరుసగా సుమారు 3.25, 1.28, 0.6 నానోజౌళ్లు. 5 నుంచి 3కు దిగితే వర్గాల లెక్క ప్రకారం 2.8 రెట్లు తగ్గాలి, ఇక్కడ రెండున్నర రెట్లు తగ్గింది. కాగితం మీది సూత్రం డేటాషీటులో ఇంత దగ్గరగా కనబడటం నాకు నిజంగా పండగే.

మరి క్లాకు ఎందుకు తగ్గించాలి? తక్కువ వోల్టేజీలో గేట్లు నెమ్మదిస్తాయి, పాత వేగాన్ని అందుకోలేవు. ఈ చిప్పు 4.5 వోల్టులుంటే 20 మెగాహెర్ట్జ్ వరకు, 2.7 ఉంటే 10 వరకు, 1.8 ఉంటే 4 వరకు మాత్రమే నమ్మకంగా నడుస్తుంది. వేగం తగ్గించడం అంటే వోల్టేజీ తగ్గించుకోవడానికి అనుమతి తెచ్చుకోవడం. అంతవరకే దాని పని.

ఫిబ్రవరి ఆఖరు

ఏ వోల్టేజీకి ఎంత వేగమో చెప్పే ఆ మూడు బిందువులను గ్రాఫు కాగితం మీద కలిపాను. 8 మెగాహెర్ట్జ్ గీత సరిగ్గా 2.4 వోల్టుల దగ్గర తగులుతుంది. నా ప్రోగ్రామంతా ఆ ఒక్క బిందువు చుట్టే రాశాను. బయట నుంచి క్లాకు ఇచ్చే క్రిస్టల్ తీసేసి, చిప్పు లోపలే టిక్కులు పుట్టించే 8 మెగాహెర్ట్జ్ ఆసిలేటరు వాడుతున్నాను. నిద్ర లేచిన ప్రతిసారీ చిప్పు తన లోపలి 1.1 వోల్టు రిఫరెన్సుతో పోల్చుకుని బ్యాటరీ ఎంతుందో తానే కొలుచుకుంటుంది. 2.5 కన్నా తగ్గితే 4 మెగాహెర్ట్జ్‌కు దిగిపోతుంది.

ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో 2000లో ఇంటెల్ తెచ్చిన స్పీడ్‌స్టెప్ నుంచి ఇప్పటి ఫోన్ల దాకా నియమం ఇదే. వేగం పెంచేటప్పుడు ముందు వోల్టేజీ పెంచాలి, తర్వాతే క్లాకు. తగ్గించేటప్పుడు ముందు క్లాకు, తర్వాత వోల్టేజీ. నా దగ్గర వోల్టేజీని దించేది బ్యాటరీయే, అదీ నన్ను అడగకుండా. కాబట్టి క్లాకు ఎప్పుడూ ఒక అడుగు ముందే దిగి ఉండాలి. ఆ 0.1 వోల్టు వెసులుబాటు అందుకే.

ఇది చేయబోయేవారికి మూడు జాగ్రత్తలు చెప్పాలి. క్లాకు మార్చే రిజిస్టరులో (చిప్పు లోపలి సెట్టింగుల గడి) ముందు అనుమతి బిట్టు రాసి, నాలుగు టిక్కుల లోపే కొత్త విలువ రాయాలి. ఆ సమయంలో ఇంటరప్టులు (పని మధ్యలో చిప్పును పిలిచే సంకేతాలు) ఆపి ఉంచాలి. రెండోది, తడి రీడింగు తీసుకునే ఏడీసీకి (వోల్టేజీని అంకెగా మార్చే భాగానికి) పూర్తి ఖచ్చితత్వం కావాలంటే దాని క్లాకు 50 నుంచి 200 కిలోహెర్ట్జ్ మధ్య ఉండాలి. కాబట్టి 8 మెగాహెర్ట్జ్‌లో 64తో భాగించే చోట, 4లో 32తో భాగించాలి. నేను మరచిపోయాను. రీడింగు వచ్చింది గానీ రెట్టింపు సమయం తీసుకుంది, అంతసేపూ సెన్సరు 5 మిల్లీయాంపులు తాగుతూ ఉంది.

మూడోది నన్ను ఎక్కువ ఏడిపించింది. 2.7 వోల్టుల దగ్గర చిప్పు పదేపదే రీసెట్ అయ్యేది. రెండు జతల బ్యాటరీలు మార్చాను, టంకాలన్నీ మళ్లీ పెట్టాను. చివరికి చూస్తే ఊనో కోసం పెట్టిన బ్రౌన్ అవుట్ ఫ్యూజు (చిప్పులో రాసిపెట్టే ఒక సెట్టింగు) అలాగే ఉంది, 2.7 కన్నా తగ్గితే చిప్పును ఆపేయడమే దాని పని. పాత ఊనోనే ప్రోగ్రామరుగా వాడి దాన్ని 1.8కి మార్చాక నిలకడగా నడిచింది.

మార్చి

సెన్సరు కొనేటప్పుడు దాని మీది టైమరు చిప్పును భూతద్దంతో చూడండి. టీఎల్‌సీ555 ఉంటే 2 వోల్టుల దాకా నడుస్తుంది. ఎన్ఈ555 ఉంటే 4.5 వోల్టులు కావాలి, మనకు పనికిరాదు. సెన్సరు మీది రెగ్యులేటరును పీకి, దాని స్థానంలో చిన్న తీగ అతికించాను.

తోటలో పెట్టాక అసలు పాఠం రేడియో నేర్పింది. నిద్ర లేవగానే 2.6 చూపిన బ్యాటరీ, లోరా (తక్కువ కరెంటుతో దూరానికి పంపే రేడియో) ప్యాకెట్టు పంపే క్షణంలో 2.3కు కుంగింది. ఊరకే ఉన్నప్పుడు కొలిచిన వోల్టేజీని నమ్మి 8 మెగాహెర్ట్జ్‌లో ఉంటే, సరిగ్గా పంపే సమయంలో హద్దు దాటిపోతాను. ఇప్పుడు రెండు మార్పులు చేశాను. ప్యాకెట్టు పంపే ముందు క్లాకు ఎలాగూ 4కు దిగుతుంది, అప్పుడు చిప్పుకు ఎదురుచూడటం తప్ప పనేమీ లేదు కాబట్టి నష్టం లేదు. బ్యాటరీ కొలత కూడా ఆ కుంగిన క్షణంలోనే తీసుకుంటున్నాను. రేడియో పక్కన 470 మైక్రోఫారడ్ కెపాసిటరు కూడా పెట్టాను.

ఎప్పుడూ 4లోనే ఉంచవచ్చు కదా అని మిత్రుడు అడిగాడు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు వోల్టేజీ ఎలాగూ 3 దగ్గరే ఉంటుంది, టిక్కుకు అయ్యే ఖర్చు 8లోనూ 4లోనూ దాదాపు ఒకటే. 8లో అయితే లెక్క సగం సమయంలో ముగిసి తొందరగా నిద్రపోతుంది. 3 వోల్టుల దగ్గర, చిప్పును నిద్ర లేపే వాచ్‌డాగ్ టైమరు ఒక్కటే మేల్కొని ఉన్న గాఢనిద్రలో చిప్పు తీసుకునేది 4.2 మైక్రోయాంపులే. అందుకే 8తో మొదలుపెట్టి, తప్పనప్పుడే దిగుతున్నాను.

ఏప్రిల్ మొదటి వారం

మూడు పెట్టెలు నడుస్తున్నాయి. పెట్టెలకు తెల్ల రంగు వేసి కొమ్మల నీడలో కట్టాను. మొదటి పెట్టెలో బ్యాటరీ ఈ ఉదయం 2.71, రేడియో పంపేటప్పుడు 2.52. ఇంకో కొన్ని రోజుల్లో అది తనంత తాను 4కు దిగాలి. ఆ రోజు రికార్డులో వేగం మారిన గుర్తు కోసం చూస్తున్నాను.

నిన్న సాయంత్రం ఫోనులో రెండో పెట్టె అంకె చూసి, "ఆ పాదులో తడి ఉంది, రేపటికి ఆగవచ్చు" అన్నాను. నాన్న గడ్డపార తీసుకుని వెళ్లి తవ్వారు. మట్టి గుప్పిట్లో ముద్ద కట్టింది. "మిగతా రెండు ఎంత చూపుతున్నాయి?" అని అడిగారు.