పండు కళ్ళకు పుసులు కట్టినప్పుడు

కొత్తగా ఇంటికి తెచ్చుకున్న పిల్లికి కళ్ళు పుసులు కట్టడం చాలా మామూలు విషయం. మామూలే కదా అని వదిలేస్తే మాత్రం కన్నే పోవచ్చు. ఈ రెండూ నిజమేనని మా పండు విషయంలో కళ్ళారా చూశాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పండు విశాఖలోని జాలరిపేట పిల్లి. అక్కడ చేపలమ్మే ఒకావిడ సాకుతున్న వాటిలో ఒకటి. ఆడది, ఏడెనిమిది నెలలుంటాయి. పెదవాల్తేరులో మా ఇల్లు అక్కడికి ఎంతో దూరం లేదు. దానికి మాత్రం ఊరే మారిపోయినట్టయింది. అలల హోరు లేదు, చేపల బుట్టలు లేవు, తోడబుట్టినవీ లేవు. మంచం కింద దూరి, రాత్రి అందరం పడుకున్నాకగానీ బయటికి వచ్చేది కాదు. తెచ్చిననాడు కళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. వారం తిరిగేసరికి ఎడమకన్ను చెమ్మగిల్లింది, తుమ్ములు మొదలయ్యాయి.

పొద్దున్నే కంటి మూలలో గోధుమరంగు పొక్కు కాస్త కనబడితే కంగారు పడక్కర్లేదు, అది ఎండిన కన్నీరే. పండుకి మొదట నీళ్ళలా కారింది, తర్వాత చిక్కబడి పచ్చగా మారింది. రెప్పలు అతుక్కుపోయేవి. వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది అది కన్ను చికిలించడం. వెలుతురు పడితే పూర్తిగా మూసేసేది. పిల్లులకు కంటి లోపలి మూలలో ఉండే మూడోరెప్ప ముక్కువైపు నుంచి పైకి వచ్చి సగం గుడ్డును కప్పేసింది. పుసులుంటే ఒకటి రెండు రోజులు చూడొచ్చేమోగానీ, పిల్లి కన్ను చికిలిస్తోందంటే నొప్పి ఉన్నట్టే. ఇక ఆగకూడదు.

ఇంట్లో సలహాలకు కొదవ లేదు. పక్కింటి పిన్నిగారు నందివర్ధనం పూలు కోసుకొచ్చి, కళ్ళమీద పెడితే చలవ చేస్తుందన్నారు. మా అత్తయ్యకి అంతకుముందే కంట్లో శుక్లం ఆపరేషన్ అయింది. ఆవిడ చుక్కలమందు ఇంకా ఫ్రిజ్‌లో ఉంది. "అదే రెండు చుక్కలు వెయ్యమ్మా, నాకు ఎర్రదనం ఇట్టే తగ్గింది కదా" అన్నారు. ప్రేమతో అన్న మాటే. అయినా డాక్టరు చూడకుండా కంట్లో ఏదీ వెయ్యనని చెప్పి, ఆ సీసాని కూడా సంచిలో పెట్టుకుని, పండుని బుట్టలో కూర్చోబెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

డాక్టరమ్మ ముందు జ్వరం చూశారు, నోరు తెరిచి పుళ్ళున్నాయేమో చూశారు. తర్వాత చేసిన పరీక్ష గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఫ్లోరెసిన్ అనే నారింజరంగు మందు అద్దిన సన్నటి కాగితపు ముక్కని తడిపి కంటికి తాకించారు. సెలైన్‌తో కడిగేసి, గదిలో లైట్లు ఆర్పి, నీలిరంగు లైటు వేసి చూపించారు. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. అది బాగుంటే రంగు నిలవదు, పుండు ఉన్నచోట మాత్రం ఆకుపచ్చగా మెరుస్తుంది. పండు కంట్లో చెట్టుకొమ్మలా పాయలు చీలిన సన్నటి పచ్చగీత కనబడింది. "ఇలా కొమ్మలా ఉందంటే హెర్పిస్ వైరస్సేనమ్మా" అన్నారావిడ.

అప్పుడు సీసా తీసి చూపించాను. దానిమీద పేరు చదివి, ఇందులో స్టెరాయిడ్ ఉందన్నారు. శుక్లం ఆపరేషన్ తర్వాత మనుషులకు అది అవసరమే. పుండు పడ్డ కంట్లో వేస్తే మాత్రం మానాల్సింది మానదు, వైరస్ చెలరేగుతుంది, చివరికి కార్నియాకి చిల్లు పడొచ్చు. ఎర్రదనం మాత్రం తగ్గినట్టే కనబడుతుంది, పిల్లి కోలుకుంటోందని మనం నమ్మేస్తాం. విశాఖలో ఇప్పుడు ఏ ఇంట చూసినా ఆపరేషన్ చుక్కల సీసా ఒకటి మిగిలి ఉంటోంది. అందుకే ఈ సంగతి పదిమందికీ తెలియాలని నా తాపత్రయం.

ఈ వైరస్ వీధిపిల్లులకు చిన్నప్పుడే సోకుతుందట. జబ్బు తగ్గినా వైరస్ పోదు, నరాల్లో దాక్కుని జన్మంతా ఉంటుంది. పిల్లికి బెంగ, భయం కలిగినప్పుడు మళ్ళీ తలెత్తుతుంది. చోటు మారిన వారానికి పండుకి కళ్ళకలక రావడంలో వింతేమీ లేదన్నమాట. ఇచ్చినావిడ ఏదో దాచిపెట్టి జబ్బుపిల్లిని అంటగట్టిందని మా ఇంట్లో ఒక మాట వచ్చింది గానీ, అది అన్యాయం. ఆవిడ దగ్గర ఉన్నన్నాళ్ళూ అది నిజంగానే బాగుంది.

యాంటీబయాటిక్ చుక్కలు, ఫామ్‌సైక్లోవిర్ మాత్రలు రాసిచ్చారు. చుక్కలు వైరస్‌ని చంపవు, పుండులో బ్యాక్టీరియా చేరకుండా కాపాడతాయి. వైరస్ మీద పనిచేసేది మాత్రలే. పంజాతో కన్ను గీరుకోకుండా మెడకు గరాటులాంటి కోన్ కట్టారు. లైసిన్ అనే పోషకం పొడి తెచ్చుకోమని చాలామంది చెబుతుంటారు కదా అని అడిగితే, దాంతో ఉపయోగం ఉన్నట్టు రుజువు కాలేదు, డబ్బు దండగ అన్నారు. క్లామిడియా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే కళ్ళకలక వేరేగా ఉందనీ, దానికి డాక్సీసైక్లిన్ వారాల తరబడి వాడాల్సి వస్తుందనీ కూడా చెప్పారు. ఒక పిల్లికి రాసిన మందు ఇంకో పిల్లికి పనికిరాదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

ఇంట్లో అసలు పని అప్పుడు మొదలైంది. పుసులు ఎండి ఉన్నప్పుడు గిల్లి లాగితే రెప్ప ఊడొచ్చినంత నొప్పి. కాచి, గోరువెచ్చగా చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి పిండి, మూసిన రెప్పమీద కాసేపు ఆనించి ఉంచేదాన్ని. నానాక ముక్కువైపు నుంచి బయటికి ఒక్కసారి తుడిచి, ఆ దూది పారేసి, రెండో కంటికి కొత్తది తీసుకునేదాన్ని. చుక్కలు వెయ్యడానికి ఎదురుగా వెళ్తే సీసా చూసి పారిపోయేది. తువ్వాలులో చుట్టి, దాని వీపు నా పొట్టకి ఆనేలా కూర్చోబెట్టుకుని, గడ్డం కాస్త ఎత్తి, తలవెనక నుంచి చెయ్యి తెచ్చి చుక్క వదిలితే నిశ్చింతగా పడేది. అవగానే ఒక చేపముక్క. కొన్నాళ్ళకి తువ్వాలు పరిస్తే తనే వచ్చి కూర్చునేది.

తిండి మరో బెంగ. ముక్కు మూసుకుపోతే పిల్లికి వాసన తెలియదు, వాసన తెలియనిదే తినదు. రోజుల తరబడి తినకపోతే కాలేయం దెబ్బతింటుంది. ఉప్పు, పసుపు వెయ్యకుండా కానాగంత ఉడికించి, ముళ్ళు తీసి, వేడివేడి ఆవిరి కాస్త తగ్గాక పెట్టేదాన్ని. కమ్మటి వాసన వస్తేనే మూతి పెట్టేది.

మా ఇంట్లో ముందునుంచీ నల్లి అనే పిల్లి ఉంది. వచ్చినప్పటినుంచి పండుని వేరే గదిలోనే ఉంచడం ఇప్పుడు కలిసొచ్చింది. గిన్నెలు వేరు, మట్టి ట్రే వేరు, పండుని ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కున్నాకే నల్లి దగ్గరికి. ఈ హెర్పిస్ మనుషులకు అంటదని తెలిశాక అత్తయ్య కూడా ఆ గదిలోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే మందులతోపాటు ఆ గది చేసిన మేలూ ఎక్కువే. దాక్కోవడానికి అట్టపెట్టె, కిటికీ దగ్గర ఎత్తైన చోటు, వేళకి తిండి, అరుపుల్లేని ఇల్లు. భయం తగ్గేకొద్దీ కన్ను తెరుచుకుంది.

తిరిగి చూపించుకున్నప్పుడు మళ్ళీ అదే రంగు వేసి, అదే నీలి లైటు వేశారు. పచ్చదనం ఎక్కడా లేదు. కోన్ అక్కడే తీసేశారు. పూర్తిగా కోలుకున్నాక ట్రైక్యాట్ టీకా వేయించాం. లోపలున్న వైరస్‌ని అది తరిమెయ్యదు, కానీ హెర్పిస్, కాలిసి వైరస్‌ల వల్ల వచ్చే జబ్బు తీవ్రతను తగ్గిస్తుంది, పాన్‌ల్యూకోపీనియా అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు నుంచి కాపాడుతుంది. నల్లికి బూస్టర్ కూడా అప్పుడే అయిపోయింది.

దీపావళి టపాసులకు బెదిరి పండు కన్ను మళ్ళీ కాస్త చెమ్మగిల్లింది. చికిలింపు లేదు, తిండి మానలేదు. డాక్టరమ్మకి ఫోన్లో ఫొటో పంపితే, తుడుస్తూ ఉండమ్మా, కన్ను మూసిందంటే వెంటనే తీసుకురా అన్నారు. ఆ అవసరం రాలేదు.