మేకన్‌లో రికార్డు అట్టల వెంట

అమెరికన్ రాక్ బృందం ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ ఎల్పీలు పోగుచేసేవారికి ఒక సౌకర్యం ఉంది. వాళ్ల తొలి రికార్డుల అట్టల మీద కనిపించే చోట్లు చాలావరకు ఒకే ఊళ్లో, ఆ చుట్టుపక్కల ఉన్నాయి. ఆ ఊరు జార్జియా రాష్ట్రంలోని మేకన్. మేముండే అట్లాంటా శివారు నుంచి ఐ-75 మీద దక్షిణంగా, ట్రాఫిక్ కరుణిస్తే రెండు గంటల దారి.

మార్చి నెలాఖరు. మేకన్‌లో చెర్రీ పూల పండుగ జరుగుతోందని మా ఆవిడ బయలుదేరింది. తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉంటున్న మామగారు, ఇంట్లో టీవీతో విసిగి, ఎక్కడికైనా సరే అని బయలుదేరారు. నా జేబులో మాత్రం ఒక చిట్టా ఉంది. అందులో రెండే పేర్లు. 1972లో వచ్చిన ‘ఈట్ ఎ పీచ్’ తొలి ముద్రణ ఒకటి. 1969 నాటి మొట్టమొదటి ఆల్బమ్, అట్కో కంపెనీ ముద్రతో వచ్చిన ప్రతి, రెండోది. రెండూ కొత్త ముద్రణల్లో ఎక్కడైనా దొరుకుతాయి. నాకు కావలసింది పాతవి.

దారిలో కారు స్పీకర్లలో ‘ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్’ పెట్టాను. 1971 మార్చిలో న్యూయార్క్ ఫిల్మోర్ ఈస్ట్ హాలులో వాయించిన పదమూడు నిమిషాల రూపం. మాటల్లేని పాట. రెండు గిటార్లు ఒకే స్వరాలు జంటగా ఎత్తుకుంటాయి, తర్వాత ఒక్కొక్కటే తన దారిన వెళ్లి, తిరిగి వచ్చి కలుస్తాయి. మామగారు చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయి, “డ్రమ్ము ఇద్దరు వాయిస్తున్నారా బాబూ?” అని అడిగారు. నేను అదిరిపోయాను. ఇద్దరే. బుచ్ ట్రక్స్, జేమో. ఒకాయన బండిని లాగుతుంటే ఇంకొకాయన తాళం చుట్టూ తిరుగుతూ ఉంటాడు. ఏళ్ల తరబడి త్యాగరాజ ఆరాధనకు వెళ్లి మృదంగం, ఘటం విన్న చెవులు మరి. ఈ బృందానికి జాన్ కోల్ట్రేన్, మైల్స్ డేవిస్‌ల జాజ్ అంటే ప్రాణమని చెబితే ఆయన తల ఊపారు. సదరన్ రాక్, అంటే అమెరికా దక్షిణాది రాక్ అనే చీటీని వీళ్ల మీద అంటించినవాళ్లు ఈ పాటను చివరిదాకా విన్నారో లేదో. బ్యాండ్ గాయకుడు గ్రెగ్ ఆల్మన్‌కూ ఆ పేరు నచ్చేది కాదు.

ఊళ్లోకి వెళ్లగానే మొదట వైన్‌విల్ అవెన్యూలోని బిగ్ హౌస్. ట్యూడర్ తరహాలో కట్టిన పెద్ద పాత ఇల్లు. 1970 నుంచి 1973 దాకా బ్యాండ్ సభ్యులు, వాళ్ల భార్యలు, పిల్లలు, బ్యాండ్ సహాయకులు వచ్చీపోతూ ఇందులోనే కాపురమున్నారు. 2009 డిసెంబరు నుంచి ఇది మ్యూజియం. గిటార్లు, చేత్తో రాసిన పాటల కాగితాలు, టికెట్లు, చొక్కాలు గోడల నిండా ఉన్నాయి. నేను గిటార్ల దగ్గర నిలబడిపోతే మామగారు వంటింట్లో నిలబడిపోయారు. బ్యాండ్ గిటారిస్టు డికీ బెట్స్ ‘రాంబ్లిన్ మ్యాన్’ రాసింది ఆ వంటింట్లోనే. 1973లో ఆ పాట బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా ఎక్కి ఆగిపోయింది. దాని పైన కూర్చున్నది షేర్ అనే గాయని పాట. రెండేళ్లకు అదే షేర్‌ను గ్రెగ్ పెళ్లి చేసుకున్నాడు. ఈ సంగతి చెప్పినప్పుడు మా ఆవిడ మొదటిసారి ఈ బ్యాండ్ పట్ల ఆసక్తి చూపింది.

మధ్యాహ్నం భోజనం ఫోర్సైత్ స్ట్రీట్‌లోని హెచ్ అండ్ హెచ్‌లో. 1959లో ఇనెజ్ హిల్, లూయీజ్ హడ్సన్ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు పెట్టిన హోటలు. బ్యాండ్ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు చేతిలో డబ్బు లేక అందరూ కలిసి రెండు పళ్లేలు తెప్పించుకుని పంచుకుంటే, మామా లూయీజ్ ఎవరి పళ్లెం వారికి పెట్టి, డబ్బు తర్వాత ఇవ్వమన్నారని ఇక్కడ అందరూ చెబుతారు. బాగా డబ్బు వచ్చాక 1972లో ఆమెను తమతోపాటు పర్యటనకు తీసుకెళ్లారు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు కలిసి ఒకే బ్యాండ్‌గా జార్జియాలో తిరగడం 1969లో చిన్న విషయం కాదు. ఆమె 2022లో పోయారు. గోడల మీద అంతా వాళ్ల ఫోటోలే. మా మామగారు శాకాహారి. ఆకుకూరలో పంది మాంసం వేస్తారేమోనని నేను ముందే అడిగి తప్పించాను. ఆయన బెండకాయ వేపుడు, మొక్కజొన్న రొట్టెతో కానిచ్చి, “బెండకాయకు పిండి పట్టించడం ఎందుకో” అన్నారు. రెండోసారి వడ్డించుకున్నారు కూడా.

అక్కడి నుంచి రోజ్ హిల్ శ్మశానం. 1840లో ఓక్మల్గీ నది ఒడ్డున, దిగుడు దిగుడుగా ఉన్న కొండవాలు మీద ఏర్పాటు చేశారు. పెద్ద చెట్లు, నది వెంబడి రైలు పట్టాలు. 1969, 70ల్లో బ్యాండ్ వాళ్లు రాత్రుళ్లు ఇక్కడికి వచ్చి కూర్చుని గిటార్లు వాయించుకునేవారు. శ్మశానానికి రానని మామగారు కారులోనే ఉంటారేమో అనుకున్నాను. ఆయనే ముందు నడిచారు. మన దగ్గర ఇలా రాళ్ల మీద పేర్లు ఉండవు కదా, చదువుదాం పదండి అన్నారు.

నేను వెతికింది ముందుగా బాండ్ కుటుంబ సమాధి. మొదటి ఆల్బమ్ వెనక అట్ట మీద బ్యాండ్ నిలబడిన చోటు అదే. ముందు అట్ట ఫోటో కాలేజ్ స్ట్రీట్‌లోని ఒక పాత ఇంటి ముంగిట్లో తీశారు. రెండూ స్టీఫెన్ పేలీ ఫోటోలు. చేతిలో ఎల్పీ అట్ట పట్టుకుని, అదే కోణం కోసం రెండడుగులు వెనక్కీ ముందుకీ వేస్తుంటే పక్కనుంచి వెళ్తున్న ఒక ముసలాయన, ఇంకొంచెం ఎడమకు జరగమని చెప్పి పోయాడు. నాలాంటివాళ్లను చూసి చూసి అలవాటైపోయి ఉంటుంది.

తర్వాత ఎలిజబెత్ జోన్స్ రీడ్ రాయి. 1845 నుంచి 1935. బ్రిగ్స్ నేపియర్ అనే ఆయన భార్య. పొద్దున కారులో విన్న పాటకు ఈమెకు ఏ సంబంధమూ లేదు. డికీ బెట్స్ మనసులో ఉన్నది వేరే అమ్మాయి. ఆ పేరు బయట పెట్టలేక ఈ రాయి మీది పేరు పెట్టేశాడు. దాదాపు తొంభై ఏళ్లు బతికి పోయిన పెద్దావిడ, తను పోయిన ముప్పై అయిదేళ్లకు ఇలా లోకమంతా వినిపించింది. కొంచెం అవతల పన్నెండేళ్లకే 1896లో పోయిన మార్తా ఎల్లిస్ అనే పిల్ల విగ్రహం. రెండు రికార్డుల ‘ఈట్ ఎ పీచ్’లో మూడో వైపు చివర వచ్చే ‘లిటిల్ మార్తా’ పేరు ఇక్కడిదే అంటారు. రెండు నిమిషాల చిన్న గిటార్ ముక్క. గ్రెగ్ అన్న, గిటారిస్టు డ్వేన్ ఆల్మన్ ఒక్కడి పేరు మీద ఉన్న రచన.

డ్వేన్, బేస్ గిటార్ వాయించిన బెర్రీ ఓక్లీ పక్కపక్కనే ఉన్నారు. చుట్టూ ఇనుప కంచె. డ్వేన్ 1971 అక్టోబరు 29న మేకన్ వీధుల్లోనే మోటార్ సైకిల్ ప్రమాదంలో పోయాడు. బెర్రీ 1972 నవంబరు 11న మోటార్ సైకిల్ మీదే, కొద్ది వీధుల అవతలే పోయాడు. ఇద్దరి వయసూ 24. డ్వేన్‌ను ఢీకొన్నది పీచు పళ్ల లారీ అనీ, అందుకే ఆల్బమ్‌కు ఆ పేరు పెట్టారనీ చెప్పుకునే కథ ఒట్టి కల్పన. అది కలప ఎత్తే క్రేన్ ఉన్న లారీ. గ్రెగ్‌ను 2017లో దగ్గరలోనే పూడ్చిపెట్టారు. డికీ బెట్స్ 2024లో పోయాక తొలి ఆరుగురిలో జేమో ఒక్కడే మిగిలాడు. మామగారు లెక్కలు వేసుకుంటూ వయసులు పైకి చదివారు. వ్యాఖ్య ఏమీ చేయలేదు.

మా ఆవిడ పూల వైపు వెళ్లిపోయింది. మేమిద్దరం డౌన్‌టౌన్‌లో ఒక రికార్డుల దుకాణంలోకి దూరాం.

ఈ పని తెలియనివాళ్లకు ఒక మాట. పాత ఎల్పీ కొనడమంటే పాట కొనడం కాదు, పాటను ఎవరెలా వాడారో దాన్ని కొనడం. రికార్డును అంచులు పట్టుకుని బయటికి తీసి దీపం కింద ఏటవాలుగా వంచి చూడాలి. వెంట్రుకల్లాంటి గీతలు పైపైనివి, వినిపించవు. గోరుకు తగిలే గీత ప్రతి చుట్టుకూ టక్కుమంటుంది. చివరి గాడికీ మధ్య కాగితానికీ నడుమ ఖాళీ చోట గీకిన అంకెలు, అక్షరాలు చదివితే అది ఏ అచ్చు నుంచి వచ్చిందో కొంత పోల్చుకోవచ్చు. మధ్య కాగితం రంగు కూడా సాక్ష్యమే. నా దగ్గరున్న ‘ఎట్ ఫిల్మోర్ ఈస్ట్’కు కాప్రికార్న్ కంపెనీ గులాబి రంగు కాగితం ఉంది, 1971 నాటిది. దాని నాలుగో వైపు మొత్తం ఒకే పాట, ‘విప్పింగ్ పోస్ట్’, దాదాపు 23 నిమిషాలు. ఒక వైపున అంతకు మించి కుక్కితే గాడులు ఇరుకై శబ్దం సన్నబడుతుంది. అందుకే ‘ఈట్ ఎ పీచ్’లోని ముప్పై మూడు నిమిషాల ‘మౌంటెన్ జామ్’ను రెండో వైపుకూ నాలుగో వైపుకూ విడదీశారు. సీడీలో అది ఒక్క ముక్కగా వస్తుంది. నాకు మాత్రం మధ్యలో లేచి రికార్డు మార్చడమే ఇష్టం.

దుకాణంలో ‘ఈట్ ఎ పీచ్’ ఉంది. లారీ మీద కొండంత పీచు పండు ఉన్న ముందు అట్ట, తెరిస్తే లోపల రెండు పేజీల నిండా పుట్టగొడుగుల చిత్రం. మడత దగ్గర కాగితం కొంచెం చిట్లింది. రికార్డు ఆకారం గుండ్రంగా అట్ట మీద ముద్రపడింది. లోపల ఎవరో బాల్ పెన్నుతో పేరు రాసి, కింద క్రిస్మస్ 1972 అని వేసుకున్నారు. ఇలా రాత ఉంటే సేకరణదారులు ధర తగ్గిస్తారు. నా లెక్క వేరు. సీలు విప్పని ప్రతి అంటే యాభై ఏళ్లుగా ఎవరూ వినని రికార్డు. అంతకంటే దౌర్భాగ్యం ఏముంది? బెర్రీ పోయిన నెలన్నరకు ఎవరో ఎవరికో కానుకగా ఇచ్చిన ప్రతి ఇది. దుకాణంలోని కుర్రవాడు మడతలో చూసి, గింజలేమీ లేవు, శుభ్రంగా ఉంది అని నవ్వాడు. ఆ రోజుల్లో రెండు రికార్డుల అట్టలను తెరిచి గంజాయి ఆకులో గింజలు ఏరుకునేవారు. ఏం గింజలు అని మామగారు అడిగితే, పూల మొక్కలవి అన్నాను.

ధర 35 డాలర్లు. మామగారు క్షణంలో రూపాయల్లోకి మార్చి, “మూడు వేలా! చిరిగిన అట్టకా?” అని తెలుగులోనే, కుర్రవాడి కళ్లలోకి చూస్తూ అన్నారు. ఆ అబ్బాయికి ఏం అర్థమైందో గానీ చిట్లిన మడత చూసుకుని 30కి ఇచ్చాడు.

చిట్టాలో రెండోది దొరకలేదు. దాని బదులు ‘బిగినింగ్స్’ ఉంది. మొదటి రెండు ఆల్బమ్‌లను కలిపి 1973లో వేసిన సెట్. చవక. కానీ అందులో మొదటి ఆల్బమ్‌ను నిర్మాత టామ్ డౌడ్ మళ్లీ మిక్స్ చేశాడు. 1969లో వినిపించినట్టు వినాలనుకునే నాకు పనికిరాదు. 1980, 81లలో అరిస్టా కంపెనీకి చేసినవి కూడా డబ్బాలో ఉన్నాయి. వాటిని ఉచితంగా ఇచ్చినా అలమరలో చోటు దండగ.

నేను డబ్బు కడుతుంటే మామగారు అరల మధ్య తిరుగుతూ, ఇవన్నీ నిలబెట్టి ఉంచారెందుకని అడిగారు. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే బరువుకు వంగిపోతాయి, వేడి తగిలితే ఇంకా త్వరగా అని కుర్రవాడు చెప్పాడు. ఆయన ముఖం మారింది. తెనాలి ఇంట్లో అటక మీద, రేకుల కప్పు కింద, ఘంటసాల భగవద్గీతతో సహా హెచ్ఎంవీ రికార్డులు ఒక ట్రంకు పెట్టెలో పడుకోబెట్టి ఉన్నాయట. ఇన్నేళ్లలో నాతో ఆ మాట ఎప్పుడూ అనలేదు.

మార్టిన్ లూథర్ కింగ్ బులెవార్డ్‌లోని కాప్రికార్న్ స్టూడియోను గబగబా చూశాం. దాన్ని నడిపిన ఫిల్ వాల్డెన్ కంపెనీ 1979లో దివాలా తీసింది. మెర్సర్ విశ్వవిద్యాలయం స్టూడియోను బాగు చేయించి 2019 చివర్లో మళ్లీ తెరిచింది. ఇంకో గంట ఉంటే బాగుండేది గానీ మా ఆవిడ అప్పటికే ఫోటోలు తీయడం ముగించి మా కోసం ఎదురు చూస్తోంది.

తిరుగు దారిలో చీకటి పడింది. తెనాలిలో తెల్లవారే వేళ. మామగారు తమ్ముడికి ఫోను చేసి, నిద్ర లేచావా అని కూడా అడగకుండా, అటక ఎక్కి ట్రంకు దించి రికార్డులన్నీ గోడకు నిలువుగా పెట్టమన్నారు. అవతలివైపు నుంచి ఏదో సుదీర్ఘంగా వినిపించింది. “ప్లేయరు సంగతి తర్వాత చూద్దాం, ముందు అవి నిలబెట్టు” అని ఈయన గద్దించి ఫోను పెట్టేశారు. పది నిమిషాలు ఊరుకుని, ఇక్కడ మంచి ప్లేయరు ఎంతవుతుంది బాబూ అని అడిగారు. మా ఆవిడ వెనక సీట్లోంచి, “నాన్నా, మీరు కూడానా!” అంది.