అరిగిన చెంబు

మూడు వారాలుగా శ్రీకాకుళంలో అమ్మ దగ్గరే ఉన్నాను. ఖాళీ కాన్వాసు గోడకి ఆనించి ఉంది. దాన్ని చూస్తేనే టెన్షన్.

నిన్న పొద్దున్న అమ్మ, మా జిల్లాలోని బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి చెంబుని చింతపండుతో తోముతోంది. ఏళ్ల తరబడి తోమి తోమి దాని మీది గీతలు సగం అరిగిపోయాయి. పక్కన కూర్చుని ఆ అరిగిన చోట్లనే స్కెచ్ బుక్‌లో గీశాను. "ఏటే, చెంబుని కూడా గీస్తావేటి?" అంది. తర్వాత పసుపు రాసిన గడప, టీవీ మీద అమ్మ అల్లిన లేసు గుడ్డ (ఒకప్పుడు ఫ్రెండ్స్ వస్తే దాచేసేదాన్ని!).

కాలేజీ రోజుల్లో సీతంపేట వైపు ఒక సవర గిరిజనుల ఇంట్లో ఎర్రమట్టి గోడ మీద తెల్లగా బియ్యప్పిండి బొమ్మలు చూశాను. మనుషులు, చెట్లు, జంతువులు. ఇంటి అలంకారం అనుకుని ఫోన్ తీశాను. దేవతల కోసం, పోయిన పెద్దల కోసం వేస్తారని ఆ ఇంటి ముసలమ్మ చెప్పాక లోపల పెట్టేశాను. అమ్మ ముగ్గులోదీ అదే బియ్యప్పిండి అని మాత్రం నిన్నటిదాకా తట్టలేదు.

వాళ్ల బొమ్మలు వాళ్లవి, నేను వెయ్యను. చెంబుతోనే మొదలుపెట్టా. ఇంతలో అమ్మ దాంట్లో నీళ్లు పట్టుకుని తులసికోట దగ్గరికి వెళ్లిపోయింది.