డాక్ చివర్న కొనండి: డెస్క్‌టాప్ సౌండ్ బాగుచేసే వరుస

పీసీలో పాటలు పలచగా వినిపిస్తున్నాయి, ఆటలో అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో అంతుపట్టడం లేదు అనగానే ఎక్కువమంది ముందు కొనేది డాక్ (డీఏసీ), అంటే కంప్యూటర్ డిజిటల్ సిగ్నల్‌ను స్పీకర్లకు, హెడ్‌ఫోన్లకు పనికొచ్చే ఆడియో సిగ్నల్‌గా మార్చే పెట్టె. నా లెక్కలో అది అన్నిటికన్నా చివర కొనాల్సిన వస్తువు. రియల్‌టెక్ ఏఎల్‌సీ1220 లాంటి చిప్పున్న మదర్‌బోర్డు వెనక జాక్ నుంచి వచ్చే సిగ్నల్ మామూలు స్పీకర్లకు చాలినంత శుభ్రంగానే ఉంటుంది. అది పాడయ్యేది ఆ తర్వాత దారిలో.

ముందు కరెంటు సంగతి చూడాలి. మౌస్ కదిపినప్పుడల్లా స్పీకర్లో సన్నగా కీచుమంటోందా? ఆట తెరవగానే ఆ కీచు పెరుగుతోందా? చాలాసార్లు అది గ్రౌండ్ లూప్. పీసీకి ఒక దారిన ఎర్త్ ఉంటుంది, స్పీకర్‌కో దానికి కలిపిన ఇంకో పరికరానికో మరో దారిన ఎర్త్ ఉంటుంది. ఈ రెండూ ఆడియో కేబుల్ షీల్డ్ (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) ద్వారా మళ్లీ కలుస్తాయి. ఆ చుట్టులో పారే కరెంటు మీద గ్రాఫిక్స్ కార్డు హెచ్చుతగ్గులన్నీ ఎక్కి స్పీకర్లోకి దిగుతాయి. తేల్చుకోవడం సులువే. కేబుల్‌ని పీసీ నుంచి పీకి, ఛార్జింగ్‌లో లేని ఫోన్‌కి పెట్టండి. కీచు పోయిందంటే స్పీకర్ మంచిదే, గొడవ పీసీ వైపు నుంచి వస్తోంది.

దీనికి పైసా ఖర్చు లేని మందు పీసీని, మానిటర్‌ని, స్పీకర్లని ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టడం. అప్పటికీ పోకపోతే ఆప్టికల్ కేబుల్. అందులో నడిచేది వెలుగు కాబట్టి లూప్ అక్కడే తెగిపోతుంది. ఎడిఫయర్ ఆర్1280డీబీ లాంటి స్పీకర్లకు ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంది, మీ మదర్‌బోర్డు వెనక ఆ సాకెట్ ఉందో లేదో చూసుకోండి. జేబీఎల్ 305పీ లాంటి స్టూడియో మానిటర్లయితే బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (రెండు తీగల్లో సిగ్నల్ పంపి దారిలో చేరిన రొదను కొట్టేసే పద్ధతి) ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే పీసీకి బయట పెట్టే సౌండ్ పెట్టె, నుంచి మూడు కొసల ప్లగ్గున్న టీఆర్ఎస్ కేబుల్ వాడాలి. కేబుల్ మధ్యలో పెట్టే చవక గ్రౌండ్ లూప్ ఐసొలేటర్లు కీచును ఆపుతాయి కానీ బాస్‌ను కూడా తినేస్తాయి. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది, లోతైన బాస్ శబ్దాలను అది మోయలేదు. ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేసే చిట్కా మాత్రం ఎవరు చెప్పినా వినకండి. అది ప్రాణాంతకం.

సాకెట్‌కి మూడు రంధ్రాలున్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. సీపీయూ క్యాబినెట్ తాకితే చెయ్యి జిల్లుమంటోందంటే ఎర్త్ లేదనే అనుమానించాలి. ఎస్ఎంపీఎస్‌లో (పీసీకి కరెంటు అందించే పెట్టె) ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు క్యాబినెట్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ ఆ రెండింటి మధ్యన, అంటే 115 వోల్టుల దగ్గర, తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువే, కానీ హమ్ పుట్టించడానికి అది చాలు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటరుతో చూపించండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య సుమారు 230, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా ఉండాలి. లేదంటే స్పీకర్ల డబ్బు ముందు ఎర్తింగ్‌కి పెట్టండి.

ఇక స్పీకర్లను ఎక్కడ పెడుతున్నాం అన్నది. ఇంతకన్నా ఎక్కువ తేడా తెచ్చేది, ఇంతకన్నా తక్కువ మంది పట్టించుకునేది మరొకటి లేదు. రెండు స్పీకర్లు, మీ తల సమాన భుజాల త్రిభుజంలా ఉండాలి. టేబుల్ మీదైతే ఒక్కో భుజం మీటరు లోపు చాలు. ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న డ్రైవర్) చెవి ఎత్తుకు రావాలి. స్టాండ్లు లేకపోతే కింద రబ్బరు ముక్కలు పెట్టి ముందుభాగాన్ని పైకి వాల్చండి. వాల్చితే టేబుల్ చెక్క మీద పడి తిరిగొచ్చే శబ్దం కూడా తగ్గుతుంది.

గోడ దూరానికి ఒక లెక్క ఉంది. స్పీకర్ నుంచి వెనక్కి పోయిన బాస్ గోడకు తగిలి తిరిగొచ్చి ముందుకు వెళ్లే శబ్దంతో కలుస్తుంది. గోడ దూరం శబ్ద తరంగం పొడవులో నాలుగో వంతైన చోట రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 343ని (సెకనుకు మీటర్లలో శబ్ద వేగం) దూరానికి నాలుగింతలతో, మీటర్లలో, భాగించండి. స్పీకర్ ముందు ముఖం గోడకు 60 సెంటీమీటర్లలో ఉంటే 143 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది. మగ గొంతులోని నిండుదనం, మృదంగంలో తొప్పి వైపు మోత పలచబడేది ఇలాంటి చోటే. 30 సెంటీమీటర్లయితే గుంట 286 హెర్ట్జ్‌కు జరుగుతుంది. దూరం కొంచెం మారిస్తే గుంట పోదు, చోటు మారుతుందంతే. అందుకే మన చిన్న గదుల్లో మధ్యేమార్గం పనికిరాదు. స్పీకర్ వెనక పోర్టు (బాస్ గాలి బయటికొచ్చే రంధ్రం) ఉంటే ఒక ఐదారు సెంటీమీటర్ల ఖాళీ వదిలి గోడకు దగ్గరగా జరపండి, పెరిగిన బాస్‌ను మూడు డెసిబెల్స్ తగ్గించుకోండి. గది మూల మాత్రం వద్దు.

స్లాబు, టైల్స్, బోసి గోడలున్న గదిలో ఒక్కసారి చప్పట్లు కొట్టండి. గింగురుమంటే ఎంత ఖరీదైన స్పీకరైనా అలాగే గింగురుమంటుంది. మందపాటి కర్టెన్లు, పుస్తకాల బీరువా, మీ వెనక గోడకు వేలాడదీసిన దూది బొంత మంచి పని చేస్తాయి. గోడకు గుడ్ల ట్రేలు అతికించడం వల్ల లాభం దాదాపు సున్నా, పైగా అంటుకుంటే ఆపలేం.

అమరిక సరిపోయిందో లేదో చూడటానికి 1960ల నాటి మోనో సినిమా పాట ఒకటి పెట్టండి. రెండు ఛానెళ్లలోనూ ఉన్నది ఒకటే సిగ్నల్ కాబట్టి గొంతు సరిగ్గా స్పీకర్ల నడుమ, గాల్లో ఒక చోట నిలబడాలి. పక్కకు జరిగితే దూరాలు తేడా ఉన్నట్టు. ఎటూ తేలకుండా చెదిరిపోతే ఒక స్పీకర్ తీగలు ప్లస్, మైనస్ తారుమారయ్యాయేమో చూడండి.

హెడ్‌ఫోన్ల దగ్గరికొస్తే, ఆటల్లో దిశ తెలియడానికి ఓపెన్ బ్యాక్ (కప్పుల వెనక గాలి ఆడేలా తెరిచి ఉండేది) మంచిదని అందరూ చెబుతారు. నిజమే. కానీ ఫ్యాన్ ఐదులో తిరిగే గదిలో ఆ ఫ్యాన్ హోరు నేరుగా చెవిలో పడుతుంది, సన్నటి అడుగుల చప్పుడును అదే మింగేస్తుంది. ఏసీ గదికి సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్, ఫ్యాన్ గదికి బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 80 ఓమ్స్ లాంటి క్లోజ్డ్ బ్యాక్ (కప్పులు మూసి ఉండేది) అని నేను చెబుతాను. వెల్వెట్ లాంటి గుడ్డ ప్యాడ్లున్నది తీసుకోండి. రెగ్జిన్ ప్యాడ్లు మన ఎండలకు చెమట పట్టి, పొరలు పొరలుగా ఊడతాయి.

హెడ్‌ఫోన్లకు యాంప్ (సిగ్నల్‌ను బలపరిచే పెట్టె) కావాలా అన్నది అంకెలే చెబుతాయి. 560ఎస్ ఇంపీడెన్స్, అంటే కరెంటుకు అది ఇచ్చే అడ్డు, 120 ఓమ్స్, ఒక వోల్టుకే 110 డెసిబెల్స్ ఇస్తుంది. యాపిల్ వాళ్ల చిన్న యూఎస్‌బీ-సీ డాంగిల్ ఇచ్చేది ఒక వోల్టు. చెవికి చాలా ఎక్కువే అది, కాబట్టి దానికి యాంప్ దండగ. డీటీ 990 ప్రో 250 ఓమ్స్ అలా కాదు. దాని రేటింగ్ ఒక మిల్లీవాట్‌కు 96 డెసిబెల్స్. ఒక వోల్టుకు అందేది 4 మిల్లీవాట్లే, అంటే 102 డెసిబెల్స్. నెమ్మదిగా మొదలై ఒక్కసారి విరుచుకుపడే సంగీతానికి, ఈక్వలైజర్‌లో తగ్గించి వినేవాళ్లకు అది చాలదు, అక్కడ యాంప్ అవసరం. క్యాబినెట్ ముందున్న జాక్‌ని మాత్రం దేనికీ వాడకండి. దాని వైరు గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచే వస్తుంది.

విండోస్‌లో చేయాల్సినవి కొన్నే. కంట్రోల్ ప్యానెల్ సౌండ్‌లో మీ పరికరం ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్‌లో 24 బిట్, 48000 హెర్ట్జ్ పెట్టండి. ఎన్‌హాన్స్‌మెంట్లన్నీ తీసేయండి. 192000 పెడితే పెరిగేది ఏమీ లేదు. ఆటలు, వీడియోలు ఎక్కువగా 48లోనే వస్తాయి, 44.1లో ఉన్న పాటను విండోస్ మార్చడంలో చెవికి తెలిసే నష్టం లేదు.

సరౌండ్‌లో (శబ్దం చుట్టూ వినిపించేలా చేయడం) జరిగే తప్పు ఒకటే, అది రెండుసార్లు చేయడం. తల, చెవి ఆకారం శబ్దాన్ని ఎలా మారుస్తాయో లెక్కగట్టి దిశ పుట్టించే పద్ధతిని హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. వాలరెంట్‌లో దానికి సెట్టింగ్ ఉంది. అది ఆన్ చేసి, దాని పైన విండోస్ సోనిక్ (విండోస్‌లోనే ఉండే సరౌండ్) కూడా పెట్టి, ఆపైన హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో 7.1 నొక్కితే ముందు ఎక్కడో వెనక ఎక్కడో తెలియని గందరగోళం మిగులుతుంది. ఆటలోనే ఉంటే మిగతావన్నీ ఆపి స్టీరియో ఉంచండి. ఆటలో లేకపోతేనే విండోస్ సోనిక్. పాటలకు ఏదీ వద్దు.

ఈక్వలైజర్ ఏపీఓ ఉచితం, మంచిది. ఎక్కడైనా 5 డెసిబెల్స్ పెంచితే ప్రీయాంప్‌ను (మొత్తం శబ్దం స్థాయిని) మైనస్ 5కి దించడం మరవకండి, లేకపోతే బిగ్గరగా ఉన్నచోట శబ్దం చిట్లుతుంది. ఏ ప్లేయర్‌నైనా వసాపీ ఎక్స్‌క్లూజివ్‌లో (విండోస్ మిక్సర్‌ను దాటి నేరుగా పరికరానికి పంపే పద్ధతి) పెడితే ఈ ఈక్వలైజర్ పని చేయదు.

ఆటలకు బ్లూటూత్ వద్దు. శబ్దం ఆలస్యంగా వస్తుంది. పైగా మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైకు ఆన్ కాగానే పాత టెలిఫోన్‌లా మోనో అయిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ ఉన్నది కొనండి. అది యూఎస్‌బీ 3 పోర్టుల దగ్గర తడబడితే ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో టేబుల్ మీదికి తెచ్చుకోండి. ఆ పోర్టులు అదే బ్యాండ్‌లో రొద చేస్తాయి.

ఇవన్నీ అయ్యాక కూడా వెనక జాక్‌లో బుస్సుమనే శబ్దం మిగిలితే, లేదా స్పీకర్ల నుంచి హెడ్‌ఫోన్లకు మాటిమాటికీ వైర్లు మార్చాల్సి వస్తుంటే, అప్పుడు డాక్ కొనండి. చేతికందే వాల్యూమ్ నాబ్, హెడ్‌ఫోన్ జాక్, వెనక లైన్ అవుట్ ఈ మూడూ ఉన్నది చూడండి. దాన్ని యూఎస్‌బీ హబ్‌కి పెట్టకుండా మదర్‌బోర్డు వెనక పోర్టుకే పెట్టండి. తొలిసారి ఆన్ చేసేముందు డాక్ నాబ్ పూర్తిగా తగ్గించి, విండోస్ వాల్యూమ్ వంద చేసి, స్పీకర్ నాబ్ సగానికి పెట్టి, ఆ తర్వాత డాక్ నాబ్ నెమ్మదిగా తిప్పండి. పాట ఆగినప్పుడు స్పీకర్లో బుస వినిపిస్తే స్పీకర్ నాబ్ కొంచెం తగ్గించి, డాక్ దగ్గర పెంచుకోండి.