డేటా రిటెన్షన్ టాపిక్: నాలుగు మార్కుల ఆన్సర్ నేర్పిన మూడు ప్రశ్నలు

మెయిన్స్ అంతర్గత భద్రత సిలబస్‌లో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన టాపిక్ ఇది. నేరాలు, ఉగ్రవాదం కేసుల దర్యాప్తు కోసం టెలికాం, ఇంటర్నెట్ కంపెనీలు మన వివరాలు ఎంతకాలం దాచి ఉంచాలి? మొదటి టెస్టులో ‘భద్రతా కావాలి, ప్రైవసీ కావాలి, సమతుల్యం ముఖ్యం’ అని రెండు పేజీలు నింపాను. పదిహేనుకు నాలుగు మార్కులు వచ్చాయి. దిద్దిన సార్ పక్కన మూడు ప్రశ్నలు రాశారు: ‘ఏ డేటా? ఎవరిది? ఎంతకాలం?’

అప్పటిదాకా నేను ఫోన్ ట్యాపింగ్‌నీ దీన్నీ కలిపేస్తున్నాను. మీరు ఆ పొరపాటు చేయకండి. ట్యాపింగ్ అంటే మాటలు వినడం. దానికి మామూలుగా హోం కార్యదర్శి స్థాయి ఆదేశం కావాలి. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో 1996 సుప్రీంకోర్టు తీర్పు బిగించిన కట్టుబాటు అది. టెలికాం కంపెనీలు దాచే సీడీఆర్ (కాల్ డిటెయిల్ రికార్డు)లో మాటలుండవు. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవర్ పరిధి నుంచి చేశారన్నదే ఉంటుంది. దాన్ని పోలీసులు బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 94 కింద రాతపూర్వకంగా అడుగుతారు, జడ్జి అనుమతి తప్పనిసరి కాదు. మాటలు లేవు కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. ఆరు నెలల టవర్ వివరాలు చేతిలో ఉంటే మనిషి ఎక్కడ పడుకున్నాడో, ఏ ఆసుపత్రి చుట్టూ తిరిగాడో తెలిసిపోతుంది.

నాకు విషయం నిజంగా అర్థమైంది యూరప్ కథ చదివాకే. 2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్లలో, 2005 జులై 7న లండన్‌లో బాంబులు పేలాయి. ఆ వేడిలో 2006లో యూరోపియన్ యూనియన్ ఒక ఆదేశం తెచ్చింది: అందరి ఫోన్, ఇంటర్నెట్ వివరాలు కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 2 ఏళ్లు దాచాలి. 2014 ఏప్రిల్ 8న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. ఎందుకు కొట్టేసిందో జాగ్రత్తగా చదవండి, మార్కులన్నీ అక్కడే ఉన్నాయి. తీవ్రమైన నేరాలను ఎదుర్కోవాలన్న లక్ష్యాన్ని కోర్టు తప్పుపట్టలేదు. ఏ నేరంతోనూ సంబంధం లేని వాళ్ల డేటా కూడా దాచడం, దాన్ని చూసే ముందు కోర్టు గానీ స్వతంత్ర సంస్థ గానీ పరిశీలించాలన్న షరతు లేకపోవడం దాని అభ్యంతరం. 2020లో అదే కోర్టు, జాతీయ భద్రతకు నిజమైన తీవ్ర ముప్పు ఉంటే కొంతకాలానికి మాత్రం అందరి డేటా దాచమనవచ్చంది.

మన దగ్గర 2021 డిసెంబరులో టెలికాం కంపెనీల లైసెన్సు షరతు మార్చి సీడీఆర్ గడువును ఏడాది నుంచి రెండేళ్లకు పెంచారు. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు (కంప్యూటర్ వ్యవస్థల్లో ఏం జరిగిందో చెప్పే రికార్డులు) 180 రోజులు, వీపీఎన్ (నెట్‌లో మన చిరునామా కనబడకుండా చేసే సేవ) కస్టమర్ల వివరాలు 5 ఏళ్లు ఉంచాలి. ప్రైవసీ ప్రాథమిక హక్కని చెప్పిన 2017 పుట్టస్వామి తీర్పులోని అనుపాత సూత్రాన్ని (చట్టం ఆధారంగా, అవసరమైనంత మేరకే హక్కులో జోక్యం ఉండాలన్నది) వీటి పక్కన పెట్టి చూడండి. సీడీఆర్‌కు పెట్టిన రెండేళ్లు పార్లమెంటు చర్చించి పెట్టిన గడువు కాదు. నా దృష్టిలో అసలు లోపం అదే, ఆన్సర్‌లో నేను ధైర్యంగా రాస్తాను.

అలాగని పోలీసుల వైపు వదిలేయకండి. కానిస్టేబుల్‌గా చేసి రిటైరైన మా బాబాయిని అడిగితే, ‘కేసు మా దగ్గరికి వచ్చేసరికి రికార్డు ఉండాలి కదరా’ అన్నారు. ఫిర్యాదు ఆలస్యమైన మిస్సింగ్ కేసులో ఆ మాట ఎంత బరువైనదో ఆలోచించండి. 2020 అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు కూడా, దర్యాప్తులో తీసుకున్న సీడీఆర్‌లను కంపెనీలు విడిగా భద్రపరచాలంది. సంబంధం ఉన్న డేటాను కేసు తేలేదాకా ఉంచడం వేరు, అందరిదీ ముందే పోగేయడం వేరు. రెండో టెస్టులో ఈ తేడా మీదే ఆన్సర్ నడిపితే ఎనిమిదిన్నర వచ్చాయి.

ఈ వారం ఈ ప్రశ్న 150 పదాల్లో రాసి చూడండి: ఉగ్రవాదం పేరుతో దాచిన డేటాను సెల్‌ఫోన్ దొంగతనం కేసులో వాడవచ్చా? ఆదివారం నేనూ రాస్తున్నాను.